కప్పుకు ముప్పై గ్రాములు

ఆదిలాబాద్,
నవంబర్ 19

రిబ్కా,

ఈ కాగితం నీకు పోస్టులో రాలేదు, గంపలో వచ్చింది. ఆకుల మీద పెట్టాను. తడిసి అక్షరాలు చెదిరితే ఊహించుకుని చదువుకో, హాస్టల్లో నా నోట్సు అట్లాగే చదివి పాసయ్యావు కదా. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీకు ఫోన్‌లో సగం వినపడదు. ఇక్కడ మా ఆయన వరండాలో కూర్చుని రెండు వైపుల మాటా వింటాడు. అందుకని ఇదే మేలు. బస్సు కార్గోలో గంప వస్తుంది, ఖాళీ గంపలో నీ జవాబు పెట్టి తిప్పి పంపు.

గంపలో ఉన్నది క్యాబేజీ కాదు. లెట్యూస్ అంటారు. వండకుండా పచ్చిగా తినే ఆకు. రైతు మేళాలో విత్తనాలు ఇస్తుంటే తెచ్చి, మా పత్తి జిన్నింగ్ మిల్లు వెనక అరెకరంలో నీడ నెట్టు కట్టించి వేశాను. అరవై రెండేళ్ల వయసులో ఇదేం పిచ్చి అని నువ్వు అనకముందే మా ఆయన అనేశాడు.

నీకు మా ఆయన ప్రేమ్‌సాగర్‌రావు గారి సంగతి తెలుసు. నలభై ఏళ్లుగా పత్తి తప్ప మరోటి పంట కాదనుకునే మనిషి. నెట్టు కింద తిరిగి, ఒక ఆకు తెంపి వాసన చూసి, "గిది మేకలు మేసేది. మనుషులకు అమ్ముతవా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అమ్ముతానన్నాను. అయితే షరతు పెట్టాడు. "హోలీ పున్నమి లోపల ఒక్క క్వింటాల్ బయటోళ్లకు అమ్మి చూపియ్. మిల్లు కాంటా మీద తూగాలె. తూగకపోతే నెట్టు పీకేస్త. వానకాలం పత్తే పెడ్త."

మా ఆయనకు క్వింటాల్ అంటే చారెడు. బండ్లకు బండ్లు చూసే కన్ను అది. నేను కూడా ఆ ఇంట్లోనే బతికాను కాబట్టి, వంద కిలోలేగా అనుకుని మిల్లు లెక్కలు రాసే మునీం ఓంప్రకాశ్ ముందే ఒప్పుకున్నాను. తరువాత పోయి బలంగా ఉన్న మొక్క ఒకటి కోసి తూచాను. నూట యాభై గ్రాములు. అక్కడే గట్టు మీద కూర్చున్నాను, రిబ్కా. క్వింటాల్‌కు ఇటువంటివి ఆరు వందల పైన కావాలి.

కరీంనగర్‌లో పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంట ఒప్పుకునేదానివి నువ్వు. నాకు తెలిసిన పెద్ద గిన్నెలన్నీ నీవే. ఈ ఆకును ఎవరైనా తింటారేమో చూడు. కిలో పంపాను.

నీ
రుక్మాబాయి


కరీంనగర్,
నవంబర్ 25

రుక్కవ్వకు ప్రభువు నామంలో వందనాలు.

గంప అందింది. నా పెనిమిటి సమ్మయ్య బస్‌స్టాండుకు ఆటో తీసుకుపోయి, గంపను ఒక వేలితో లేపి, ఇంటికి వచ్చి ఏమన్నాడో తెలుసా? "మీ దోస్తు ఖాళీ గంప పంపింది. తాడు గట్టి మరీ పంపింది." అంత తేలిక వస్తువును ఆయన జీవితంలో మోయలేదు.

రాసిందంతా తరువాత చదువుదామని ముందు వంటలో పడ్డాను. నాది తప్పే. ఆకంటే పప్పులోకే అనుకున్నాను. గంపలో సగానికి పైగా ఆకు దబరలో వేసి మూత పెట్టాను. కాసేపటికి మూత తీస్తే పప్పు ఉంది, ఆకు లేదు. సమ్మయ్య మీద అనుమానం వచ్చి ఆయన నోరు కూడా చూశాను. అడుగున గరిటెడు దొరికింది. పాలకూర కూడా తగ్గుతుంది కానీ ఇట్లా ఇల్లు విడిచి పారిపోదు.

మా మనవరాలు బ్లెస్సీ హోటల్ కోర్సు చదువుతోంది కదా, అది వచ్చి నెత్తి కొట్టుకుంది. "అమ్మమ్మా, దీన్ని ఉడకబెడ్తరా ఎవరన్న? గిది సలాడ్‌ది" అని నా ముందే రెండు ఆకులు తుంచి, నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి నోట్లో పెట్టింది. బాగుందే రుక్కవ్వా. కరకరలాడింది. సమ్మయ్య కూడా తిని, "జర కారం ఉంటే మంచిగుండు" అన్నాడు. ఆయన అన్నిటికీ అదే అంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. సుల్తానాబాద్ రైసుమిల్లు వాళ్ల అమ్మాయి రిసెప్షన్ ఫిబ్రవరిలో ఉంది. వంట నాదే. నాలుగు వందల మంది. బ్లెస్సీ పోయి పెళ్లికూతురుతో మాట్లాడి, సలాడ్ కౌంటర్ ఒకటి ఉండాలని ఒప్పించి వచ్చింది. మనిషికి రెండు కప్పులట. దాని పుస్తకంలో అన్నీ కప్పులే. అంటే ఎనిమిది వందల కప్పులు. కప్పుకు ఎన్ని గ్రాములో ఆ పుస్తకంలో లేదు. నాకు మానికలు తెలుసు, సోలలు తెలుసు. కప్పు ఇప్పుడే నేర్చుకుంటున్నాను.

పప్పులో పడకుండా మిగిలిన ఆకుతో కొలిచాం. బియ్యం కొలిచినట్టే "లాభం, రెండు, మూడు" అంటూ మొదలుపెడితే, "లాభం అంటే ఒకటా, సున్నానా?" అని బ్లెస్సీ అడ్డం వచ్చింది. మొదటి కొలతను ఒకటి అనకూడదని కూడా తెలియని పిల్లకు హోటల్ కోర్సులో సీటిచ్చారు. అది కప్పులో ఆకులు అట్లా పైనుంచి వదిలింది, ఇరవై ఐదు గ్రాములు తూగింది. సమ్మయ్య కప్పు మీద గోపురం కట్టాడు, నలభై అయింది. నేను ఊరగాయ జాడీలో ముక్కలు సర్దినట్టు అరచేతితో ఒత్తి ఒత్తి నింపాను. తొంభై గ్రాములు.

ముగ్గురిలో వంట చేసి తల నెరిసింది నాకు. కాబట్టి నా కప్పే కప్పు. ఎనిమిది వందల కప్పులు, తొంభై గ్రాముల చొప్పున డెబ్బై రెండు కిలోలు. నీ క్వింటాల్‌లో ముప్పావు ఒక్క దెబ్బకు అయిపోయింది. రావు గారిని నెట్టు జోలికి రావద్దని చెప్పు.

నీ
రిబ్కమ్మ


ఆదిలాబాద్,
డిసెంబర్ 3

రిబ్కా,

నీ ఉత్తరం చదివి ఆ పూట రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాను. సాయంత్రానికి అనుమానం మొదలైంది. డెబ్బై రెండు కిలోలంటే నాలుగు వందల యాభై మొక్కల పైన. నాలుగు వందల మంది పెళ్లికి వచ్చి, బిర్యానీ పక్కన పెట్టి, తలా ఒక మొక్క వేళ్లు తప్ప మొత్తం తింటారా?

మా ఇంటి కాంటా మీద లారీ తూగుతుంది కానీ కప్పు తూగదు. కిరాణా కొట్టు నుంచి చిన్న కాంటా అడిగి తెప్పించి వంటింట్లో పెట్టాను. మూడు రోజులు నేను చేసిన పని అదే. ఆకు మొత్తంగా పెడితే కప్పులోకి దిగదు, బయటికి చూస్తూ నిలబడుతుంది. సన్నగా తరిగితే ఎక్కువ పడుతుంది కానీ గంటకు నల్లబడుతుంది. పొద్దున కోసిన ఆకు బరువు, ఎండ తగిలాక కోసింది తేలిక. చేత్తో నోట్లో పట్టేంత ముక్కలు తుంచి, కప్పులో వదిలి, కప్పును ఒక్కసారి గట్టు మీద తట్టి తూచాను. ఇరవై సార్లు తూచాను. ముప్పై గ్రాములు, అటు ఒకటి ఇటు ఒకటి.

మా గంగుబాయికి నవ్వాగలేదు. ఆకులు కోసేది తనే కదా, "ఆయీ, ఆకు భాజీని బంగారం లెక్క తూస్తున్నవ్" అంది. మా ఆయన నీళ్లు తాగే మిషతో మూడుసార్లు వంటింట్లోకి వచ్చాడు. నాలుగోసారి ఆగలేక, "గీ తీరుగ మేం పత్తి తూస్తే ఒక్క బండి దిగేసరికి ఉగాది వస్తది" అని పోయాడు.

కాబట్టి కప్పుకు ముప్పై. ఎనిమిది వందల కప్పులకు ఇరవై నాలుగు కిలోలు. కాడలు, వాడినవి తీసేస్తే పోయేది కలుపుకుని ముప్పై కిలోలు కోయాలి. నువ్వు తొంభై గ్రాములు ఒత్తి నింపింది సలాడ్ కాదు, రోటిపచ్చడికి సిద్ధం చేసిన ముద్ద. నువ్వు కప్పు కొలిచావా, ఆకు మీద కోపం తీర్చుకున్నావా?

నా నోటితో నేనే డెబ్బై రెండును ముప్పై చేసుకున్నాను. మంచి జరిగినట్టు రాస్తున్నాను కానీ మనసు బాగాలేదు. ఇంత పెద్ద పెళ్లికి ముప్పై కిలోలైతే, క్వింటాల్‌కు ఎన్ని పెళ్లిళ్లు కావాలి? హోలీ లోపల అంతమంది పెళ్లి చేసుకుంటారా?

నీ
రుక్మాబాయి


కరీంనగర్,
జనవరి 8

రుక్కవ్వా,

క్రిస్మస్ హడావిడిలో జవాబు ఆలస్యమైంది. మా చర్చి భోజనాల్లో నీ ఆకు రెండు గంపలు పెట్టాను. పెద్దవాళ్లు దాన్ని అలంకరణ అనుకుని ముట్టలేదు, పిల్లలు తిన్నారు.

రిసెప్షన్ ఆర్డర్ ఖాయమైంది. ఫిబ్రవరి పదకొండు, బుధవారం సాయంత్రం. నీ లెక్క ప్రకారం ముప్పై కిలోలు, గంపకు రెండు కిలోల చొప్పున పదిహేను గంపలు. పొద్దున్నే బస్సుకు అందాలి.

ఇక నేను రాసేది చదివి చింపెయ్యి. నేను వంద కిలోలకు ఆర్డర్ చీటీ రాస్తే ఏమవుతుంది? నా కప్పు తొంభై అని చెప్తాను. అడిగేవాడెవడు? వంట నాది, కప్పు నాది. మిగిలినది మా పక్కింటి యాదవ్వ బర్రెలకు వేస్తే సంతోషంగా తింటాయి. మీ మిల్లు కాంటా మీద వంద తూగుతుంది, రావు గారి నోరు మూతపడుతుంది, నీ నెట్టు నిలబడుతుంది. హాస్టల్లో ఏడో తరగతి లెక్కల పరీక్షలో నువ్వు నాకు చూపించిన దానికి ఇది బదులు అనుకో.

ఆలోచించు. ఫికర్ చెయ్యకు.

నీ
రిబ్కమ్మ


ఆదిలాబాద్,
జనవరి 21

రిబ్కా,

చింపలేదు. బియ్యం డబ్బాలో దాచాను. అప్పుడప్పుడు తీసి చదువుకుని నవ్వుకుంటున్నాను. కానీ వద్దు.

ఎందుకు వద్దో చెప్తాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నవంబర్‌లో నీకు పంపిన మొదటి కిలో మిల్లు కాంటా మీద పెట్టినప్పుడు ఓంప్రకాశ్ అలవాటుగా చీటీ రాశాడు. ఆ చీటీలో మాల్ ఎవరిది అని ఒక గీత ఉంటుంది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆ గీత మీద ఎన్ని వేల పేర్లు పడ్డాయో లెక్కలేదు. రైతుల పేర్లు, వ్యాపారుల పేర్లు, మా మామగారి పేరు, మా ఆయన పేరు. ఆ రోజు ఓంప్రకాశ్ పెన్ను ఆ గీత మీద ఆనించి, "ఎవల పేరు రాయాలె అమ్మా?" అన్నాడు. నా పేరే రాయమన్నాను. "రుక్మాబాయి, ఒక కిలో." నవ్వకు రిబ్కా. ఆ చీటీ పూజ గూట్లో పెట్టుకున్నాను. నాకు ఆ అరెకరం కావాలి. పోతుందేమోనని రోజూ భయంగా ఉంది. కానీ నా పేరు కింద రాసేది నిజంగా మనుషులు తిన్నదై ఉండాలి. యాదవ్వ బర్రెలకు లెట్యూస్ అమ్మిన రుక్మాబాయిగా నేను మిగలను.

ఆర్డర్ ముప్పై కిలోలే. ఒక చిక్కుంది. పదో తారీకున ఖానాపూర్‌లో మా అక్క మనవడి తొట్టెల వేడుక. నేను పోయి రాత్రి అక్కడే ఉండి, పదకొండు పొద్దున వస్తాను. ఆకు పదో తారీకు సాయంత్రమే గంగుబాయి కోసి గంపలకెత్తుతుంది. తెల్లవారి మొదటి బస్సులో వేయించే పని మా ఆయనకు అప్పగించాను. "గంపలు పదిహేను. ముప్పై కిలోలు. బస్సులో వేయించాలి" అని చెప్పాను. ఇంతకన్నా వివరం చెబితే ఆయనకు కోపం. మాల్ పంపడం నాకు నేర్పుతున్నావా అంటాడు.

నీ
రుక్మాబాయి


ఆదిలాబాద్,
ఫిబ్రవరి 10

శ్రీమతి రిబ్కమ్మ గారికి,
ప్రేమ్‌సాగర్‌రావు నమస్కరించి రాయునది.

మా ఇంటావిడ ఖానాపూర్ వెళ్లినందున, మీ మాల్ పంపే బాధ్యత నేను స్వయంగా తీసుకున్నాను. మాల్‌తో పాటు కాగితం పెట్టడం మీ ఇద్దరి ఆనవాయితీ అని గంగుబాయి చెప్పింది. అందుకని ఇది.

ఈ సాయంత్రం గంగుబాయి నింపిన పదిహేను గంపలను చూశాను. ఒక్కొక్కటి ఎడమ చేత్తో లేపి చూశాను. రిబ్కమ్మ గారూ, నాకు తల కొట్టేసినట్టయింది. గంపలో మూడు వంతులు గాలే. గంప పైకి నిండుగా కనిపిస్తుంది, చెయ్యి పెడితే అడుగు తగులుతుంది. ఇటువంటి మాల్ బజారులో పెడితే నలుగురు నవ్వుతారు. మా ఇంటావిడకు వ్యాపారం కొత్త, ఆమెకు తెలియకపోవచ్చు. మూడు తరాల నుంచి మా మిల్లు పేరు మీద ఎవరికీ గాలి పోలేదు.

కాబట్టి మా పద్ధతిలో పంపుతున్నాను. కొత్త బోరెం సంచీ ఒకటి తీయించాను. విప్పి నిలబెడితే మనిషి ఎత్తు ఉంటుంది, పత్తి పంపేది అందులోనే. హమాలీలు ఇద్దరిని పిలిచి, కాళ్లు సబ్బుతో రెండుసార్లు కడిగించి, బోరెంలోకి దింపాను. గంప తరువాత గంప పోస్తుంటే వాళ్లు తొక్కుతూ వచ్చారు. మొదట కొంచెం జారారు, తరువాత అలవాటు పడ్డారు. మీరు నమ్మరు, పదిహేను గంపల మాల్ సంచీలో మోకాలి ఎత్తుకు దిగింది. మూతి కుట్టించి కాంటా మీద పెట్టాను. ముప్పై కిలోలు, ఒక గ్రాము తగ్గలేదు.

పదిహేను గంపలు తిరిగి పంపే శ్రమ మీకు తప్పింది. సంచీ కింద కొంచెం పచ్చగా కారుతోంది. మాల్ తాజాగా ఉన్నదనడానికి అదే గుర్తు.

సమ్మయ్య గారిని అడిగినట్టు చెప్పగలరు.

ఇట్లు,
ప్రేమ్‌సాగర్‌రావు


కరీంనగర్,
ఫిబ్రవరి 14

రుక్కవ్వకు,

ఇప్పటికి నా గుండె కిందికి దిగింది. కాబట్టి రాస్తున్నాను.

బుధవారం పొద్దున సమ్మయ్య బస్‌స్టాండు నుంచి వచ్చి, "ఈసారి మాల్ గట్టిగ పంపిండ్రు, లేస్తలేదు" అని సంతోషంగా సంచీ దించాడు. కుట్లు విప్పాను. లోపలి నుంచి నిన్నటి గోరింటాకు రుబ్బు వాసన వచ్చింది. చెయ్యి పెడితే మోచేతి దాకా పచ్చబడింది. అప్పుడు రావు గారి ఉత్తరం దొరికింది. "కాళ్లు సబ్బుతో కడిగించి" అనే దాకా వచ్చి కళ్లద్దాలు తీసేశాను. బ్లెస్సీ మిగతాది పైకి చదువుతూ ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలియలేదు. సాయంత్రానికి నాలుగు వందల మంది వస్తారు, కౌంటర్ మీద పేరు కూడా రాసి పెట్టాం.

నీకు ఫోన్ చేసి ఏం అరిచానో నాకే వినపడలేదు. నువ్వేమన్నావో అసలే వినపడలేదు. అప్పటికి నువ్వు ఖానాపూర్ నుంచి దిగి, వరండాలో పదిహేను ఖాళీ గంపలు చూసి నిలబడి ఉన్నావట కదా. పాపం.

సంచీని యాదవ్వ బర్రెల ముందు పెట్టాం. పెద్దది వాసన చూసి నా ముఖం చూసింది. మిగతావి అది కూడా చూడలేదు.

ఇక సాయంత్రం ఐదు గంటలకు ఫంక్షన్ హాలు గేటులోకి మీ పత్తి వ్యాను వచ్చింది చూడు, అది నేను చచ్చేదాకా మర్చిపోను. మళ్లీ కోసి తెస్తావని నాకు తెలుసు. ఆ మనిషి వస్తాడని తెలియదు. అంత పెద్ద వ్యాను నిండా గంపలు. ఒకదాని మీద ఒకటి పెడితే నలుగుతాయని పక్కపక్కనే పరిచారు. మధ్యలో చోటు లేక రావు గారు కాళ్లు ముడుచుకుని, తెల్ల పంచె మీద చెరో చేత్తో చెరో గంప పట్టుకుని కూర్చున్నారు. "గుంతలు వచ్చినప్పుడల్ల ఎగురుతున్నయ్ రిబ్కమ్మా. పట్టుకోకపోతే ఎట్ల?" అన్నారు. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా అట్లాగే వచ్చారట. దిగడానికి సమ్మయ్య చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

నువ్వు బ్లెస్సీతో ఆకులు తుంచుతుంటే ఆయన కౌంటర్ పక్కన కుర్చీ వేసుకున్నారు. నువ్వు గమనించలేదు, నేను గమనించాను. జనం వచ్చి గుప్పెడు గుప్పెడు పెట్టుకుపోతుంటే ఆయన ప్రతి పళ్లెం వైపూ చూశారు. చివరికి లేచి తనూ ఒక పళ్లెం పెట్టించుకున్నారు. ఒక ఆకు నమిలి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "గింత తేలికదాన్ని క్వింటాల్ తూగమన్ననా నేను?" అవునన్నాను. మళ్లీ కుర్చీలో కూర్చుని, పళ్లెం ఖాళీ చేశారు.

ఎనిమిది వందల కప్పులకు నీ లెక్క సరిగ్గా సరిపోయింది. ఒక గంపలో అడుగున కొంచెం మిగిలింది. నా కప్పు తప్పు, నీ కప్పు ఒప్పు, రాసి ఇస్తున్నాను, దాచుకో. ఆ రాత్రి భోజనాలకు వచ్చిన వాళ్లలో ఇద్దరు తమ ఫంక్షన్లకు కూడా ఇదే కావాలన్నారు. కిలోలు బ్లెస్సీ విడిగా రాసింది, చూడు. హోలీకి ఇంకా రెండు వారాలకు పైనే ఉంది.

నీ
రిబ్కమ్మ


ఆదిలాబాద్,
హోలీ పున్నమి

రిబ్కా,

ఈ గంపలు ఏడు. ఈ ఉత్తరం మూడో గంపలో ఉంటుంది. ఒక్క వేలితో గంప లేపవద్దని సమ్మయ్యకు చెప్పు.

లెక్క చెప్తాను. నువ్వు తెప్పించిన రెండు ఫంక్షన్లు, నీ వంటలకు వారం వారం పంపిన గంపలు, ఆ రిసెప్షన్ ముప్పై, అన్నీ కలిపి నిన్నటికి ఎనభై మూడు కిలోలు. హమాలీలు తొక్కిన ముప్పై కిలోలు కూడా కలుపుకో అని మా ఆయనే అన్నాడు. "కాంటా ఎక్కింది గద, లెక్కల్నే వస్తది" అన్నాడు. బర్రె కూడా తినని దాన్ని అమ్మకం అనను అన్నాను. మొండిదానివి అన్నాడు. అవునన్నాను.

ఇవాళ చివరి రోజు. నెట్టు కింద కోతకు వచ్చిన ఆకు మొత్తం కోశాం. ఇంకో వారం ఆగితే ఎంతో ఉండేది, మిగిలినదంతా లేత మొక్కలే. గంగుబాయి గంపలు మోస్తుంటే నేను వెనక నడిచాను. ఓంప్రకాశ్ ఏడు గంపలూ కాంటా మీద పెట్టించి, గంపల బరువు తీసేసి, నా వైపు చూడకుండా చెప్పాడు. పద్నాలుగు. మొత్తం తొంభై ఏడు.

మూడు కిలోలు, రిబ్కా. వంద కప్పులు. సరేనని చెప్పి ఇంట్లోకి వచ్చేశాను. నెట్టు కట్టిన తాళ్లు జాగ్రత్తగా విప్పాలి, మళ్లీ దేనికైనా పనికొస్తాయి అని గంగుబాయికి చెప్పాను. ముఖం కడుక్కోవడానికి పెరటి గుమ్మం దగ్గరికి పోయాను. అక్కడి నుంచి కాంటా గది కిటికీ కనబడుతుంది.

మా ఆయన పత్తి కొనే తీరు నీకు తెలియదు, చెప్పాలి. తూకం పెరగాలని కొందరు పత్తి మీద నీళ్లు చల్లి తెస్తారు. ఆయన సంచీలో చెయ్యి పెట్టి తీసి, వేళ్లు రుద్దుకుని చూస్తాడు. తడి తగిలిందా, ఎంతటి పరిచయస్తుడిదైనా బండి వెనక్కే. సొంత మేనబావ బండి తిప్పి పంపాడు. వాళ్లు పదేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు. నీళ్లు అమ్మినోడికి నా ఇంట్ల కుర్చీ లేదు అనేవాడు.

ఆ మనిషి ఓంప్రకాశ్‌ను చాయ్‌కి పంపించాడు. కాంటా గదిలో ఎవరూ లేరు. బకెట్టు తెచ్చుకున్నాడు. చెంబుతో కాదు, చేత్తో, ఒక్కో గంప మీద వంగి, ఆకు నలగకుండా చల్లాడు. చల్లి కాంటా మీది అంకె చూశాడు. మళ్లీ చల్లాడు. నడుము నొప్పి కదా ఆయనకు, మధ్యలో ఒకసారి నిటారుగా నిలబడి నడుము పట్టుకున్నాడు. మళ్లీ వంగాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాను, పిలవలేదు.

కాసేపటికి కేక వేశాడు. "ఓంప్రకాశ్, మల్లా తూకమెయ్. పొద్దున తూకంల ఏదో ఫరక్ పడ్డది." ఓంప్రకాశ్ తూచి, పదిహేడు అన్నాడు. గంపల నుంచి నీళ్లు అతని చెప్పుల మీదికే కారుతున్నాయి. మొత్తం వంద అని చీటీ మీద రాశాడు. మా ఆయన ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, "గెలిచినవ్. ఇగ ఆ నెట్టు నీది" అన్నాడు. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. ఏమిటి ఆ తడి అని అడిగాను. "హోలీ గద" అన్నాడు.

నలభై ఏళ్ల కాపురంలో ఆయన నా కోసం చేసిన మొదటి దొంగతనం ఇది. నువ్వు వంద కిలోల చీటీ రాస్తానంటే వద్దన్నదాన్ని, ఈ చీటీ మాత్రం తీసుకున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది రిబ్కా, ఏడుపు కూడా వస్తోంది, ఈ కాగితం తడిస్తే ఆకుల వల్ల అనుకో.

గంపలు అందగానే ఆకులు దులిపి, ఆరబెట్టి తూచుకో. పద్నాలుగు కిలోలే నీ లెక్క. ఆయన ఫోన్ చేసి అడిగితే మాత్రం పదిహేడు అందాయని చెప్పు.

నీ
రుక్మాబాయి